కారులో పడుకునే ఆ పెద్దాయనకి ఇల్లు దొరకాలంటే

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. హ్యూస్టన్ శివార్లలో ఉన్న మీ గ్యాస్ స్టేషన్ వెనక పార్కింగ్‌లో నాలుగు నెలలుగా ఒక పెద్దాయన పాత కారులోనే పడుకుంటున్నారు. తలమీద 'వియత్నాం వెటరన్' అని రాసిన టోపీ. పొద్దున్నే కాఫీకి వస్తారు, ఊరికే ఇస్తే తీసుకోరు. చలి మొదలవుతోంది, ఆయనకి ఒక ఇల్లు దొరికేలా చేయడం ఎలా, మీ అద్దె ఇల్లు ఒకటి ఖాళీగా ఉంది కదా అది ఇచ్చేయొచ్చా, మీ తెలుగు సంఘం వాళ్లు దుప్పట్లు పంచుతామంటున్నారు, అవి సరిపోతాయా అని అడిగారు. నేను ఇదే ఊళ్లో, ఇల్లు లేని మాజీ సైనికుల కోసం పనిచేసే ఒక సంస్థలో పద్నాలుగేళ్లుగా కేస్ మేనేజర్‌ని, అంటే ఒక్కొక్కరి పనీ మొదటినుంచి చివరిదాకా దగ్గరుండి చూసే మనిషిని. నాకు తెలిసింది వివరంగా చెప్తాను. కొంచెం పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందుగా, ఇది అయ్యే పనేనండీ. 2010 జనవరిలో అమెరికా దేశమంతా ఒక రాత్రి లెక్కపెడితే ఇల్లు లేని మాజీ సైనికులు 74,087 మంది తేలారు. 2024 జనవరి లెక్కలో 32,882 మంది. అంటే సగానికి పైగా తగ్గారు. మన హ్యూస్టన్ 2015లోనే, వీధిన పడిన ప్రతి మాజీ సైనికుడికీ ఇల్లు చూపించగలిగే ఏర్పాటు చేసుకున్నామని ప్రకటించింది. అంతకుముందు ఏ సంస్థకి ఆ సంస్థ తన లిస్టు తాను పెట్టుకునేది. అందరూ కలిసి ఒకే లిస్టు పెట్టుకున్నాక పని కదిలింది. ఆ లిస్టులో పేరు ఎక్కితే మనిషి వెనక ఎవరో ఒకరు పడతారు. మీ పెద్దాయన పేరు ఇంకా ఎక్కినట్టు లేదు. ఎక్కించే మనిషి మీరే కావాలి.

మనవాళ్లు చాలామంది నన్ను అడిగే మాట ఒకటుంది. దేశం కోసం పనిచేసినవాడు రోడ్డు మీద ఎలా ఉంటాడండీ, పెన్షన్ రాదా అని. మన ఊళ్లలో మిలిటరీ నుంచి వచ్చినాయన అంటే నెలనెలా పెన్షన్, క్యాంటీన్ కార్డు, ఊళ్లో ఒక గౌరవం. మన దగ్గర జవాను పదిహేనేళ్లు చేస్తే పెన్షన్ వచ్చేది కాబట్టి అలా అనుకుంటాం. ఇక్కడ మామూలుగా ఇరవై ఏళ్లు చేస్తేనే రిటైర్‌మెంట్ పెన్షన్. వియత్నాం యుద్ధానికి 1973 దాకా కుర్రాళ్లని నిర్బంధంగా పట్టుకెళ్లారు. పందొమ్మిదేళ్లకి వెళ్లి, రెండేళ్లు చేసి, ఇరవై ఒకటికి వెనక్కి వచ్చిన మనిషికి నెలనెలా వచ్చేది ఏమీ ఉండదు. తర్వాత యాభై ఏళ్లలో ఒక విడాకులు, ఒక ఆపరేషన్ బిల్లు, పెరిగిన అద్దె. వీటిలో రెండు ఒకేసారి మీద పడితే చాలు.

ఇక ఆయనతో మాట్లాడటం గురించి. టోపీ ఉంది కాబట్టి మీకు సులువే. కానీ టోపీ లేని వాళ్లని అడగాల్సి వస్తే 'మీరు వెటరనా' అని అడక్కండి. 'ఎప్పుడైనా మిలిటరీలో పనిచేశారా' అని అడగండి. యుద్ధానికి వెళ్లనివాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, తాము వెటరన్స్ కిందకి రామనుకుని 'కాదు' అనేస్తారు. ఆ ఒక్క మాటతో అవకాశం పోతుంది. మీ పెద్దాయనని మాత్రం 'మీ తరఫున ఒక ఫోన్ చేద్దామనుకుంటున్నాను, మీరు పక్కన కూర్చుంటారా' అని అడగండి. వద్దంటే ఆ రోజుకి వదిలేయండి. కాఫీ ఇవ్వడం మాత్రం మానొద్దు, డబ్బులు ఇస్తే తీసుకోండి. వారం ఆగి మళ్లీ అడగండి. ఒకాయన నాకు సరేననడానికి ఏడు నెలలు పట్టింది. ఆయన ఫొటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టి సాయం అడగడం మాత్రం దయచేసి వద్దు. ఆయన అది చూస్తే మళ్లీ మీ స్టోరు ఛాయలకి రారు.

చేయాల్సిన ఫోన్ 877-424-3838. ఇది వెటరన్స్ అఫైర్స్ శాఖ, అంటే అందరూ వీఏ అనేది, ఇల్లు లేని మాజీ సైనికుల కోసం నడిపే లైన్. రాత్రీ పగలూ ఉంటుంది, పైసా ఖర్చు లేదు. ఆయనే చేయాలని లేదు. చుట్టాలు, స్నేహితులు, మీలాంటి వాళ్లు ఎవరైనా చేయొచ్చు. కానీ ఆయన పక్కన ఉంటే పని ఒక్కరోజులో ముందుకి వెళ్తుంది.

ఒక ఫోన్ ఎలా జరిగిందో చెప్తాను. మన తెలుగావిడే, మీలాగే స్టోరు నడుపుతారు. కూల్‌డ్రింకు కేసులు పేర్చిన వెనక గదిలో ఒక కుర్చీ వేసి ఆయన్ని కూర్చోబెట్టారు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఒక కేసు మీద ఉంచారు. నేనూ అక్కడే ఉన్నాను. ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నారు. పేరు, పుట్టిన తేదీ, సోషల్ సెక్యూరిటీ నంబరు చివరి నాలుగు అంకెలు, ఏ దళంలో చేశారు, ఎప్పుడు బయటికి వచ్చారు, అన్నీ టకటకా చెప్పారు. 'రాత్రి ఎక్కడ పడుకున్నారు' అని అడిగేసరికి ఆగిపోయారు. నేల వైపు చూస్తూ ఉండిపోయారు. నాకు చెప్పేయాలనిపించింది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపారు. అర నిమిషం పోయాక ఆయనే 'ఇన్ మై కార్, మేడమ్' అన్నారు. ఆ జవాబు ఆయన నోటితోనే రావాలి. ఆ జవాబుతోనే ఆయన ఏ పథకం కిందకి వస్తారో తేలుతుంది కూడా.

ఆ లైన్ వాళ్లు వివరాలు దగ్గర్లోని వీఏ ఆసుపత్రికి పంపిస్తారు. మనకి మైకేల్ డెబేకీ వీఏ మెడికల్ సెంటర్. అక్కడ ఇల్లు లేనివాళ్ల కోసమే ఒక బృందం ఉంటుంది, వాళ్లు ఆయనకి తిరిగి ఫోన్ చేస్తారు. సగం కేసులు తప్పిపోయేది సరిగ్గా ఇక్కడేనని నా అనుభవం. ఆయన ఫోన్లో ఛార్జి ఉండదు, లేకపోతే నిమిషాలు అయిపోయి ఉంటాయి. రెండుసార్లు ట్రై చేసి వాళ్లు పక్క కేసుకి వెళ్తారు. అందుకని ఆయన ఒప్పుకుంటే రెండో నంబరుగా మీ స్టోరు నంబరు ఇవ్వండి. కౌంటర్ దగ్గర ఆయన కోసం ఒక ఛార్జర్ పెట్టండి. ఉత్తరాలకి మీ స్టోరు అడ్రస్ వాడుకోమనండి. వినడానికి చిన్న సంగతిలా ఉంటుంది, కానీ అడ్రస్ లేని మనిషికి అప్రూవల్ లెటర్ ఎక్కడికి పంపుతారు చెప్పండి?

మూడు రోజులైనా కాల్ రాకపోతే మీరే మళ్లీ చేయండి. 211కి కూడా చేయొచ్చు, అది అందరికీ ఉన్న సహాయ లైన్. ఆయన మాటల్లో బతకాలని లేదన్న ధోరణి ఎప్పుడైనా వినిపిస్తే మాత్రం ఏమీ ఆలోచించకుండా 988కి చేసి 1 నొక్కండి. అది ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్ల కోసం ఉన్న లైన్, 1 నొక్కితే మాజీ సైనికుల కోసమే ఉన్నవాళ్లు పలుకుతారు. 2023 జనవరి నుంచి అలాంటి స్థితిలో ఉన్న మాజీ సైనికుడికి ఏ ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లినా వీఏనే ఖర్చు భరిస్తోంది. బిల్లు భయంతో ఆయన వద్దంటే ఈ మాట చెప్పండి.

ఇప్పుడు ఒక జాగ్రత్త. మీ మనసు మంచిది కాబట్టి ఇది ముందే చెప్పాలి. పని మొదలుపెట్టిన రెండో ఏడాది, గడ్డకట్టే చలి రాత్రి ఒకాయన్ని అలా వదలలేక నా సొంత డబ్బుతో మోటెల్‌లో పెట్టాను. మూడు రాత్రులు అనుకున్నది రెండు వారాలైంది. ఆ మధ్యలోనే ఆయనకి ఒక సంస్థలో ఇంటర్వ్యూ వచ్చింది. 'ఎక్కడ ఉంటున్నారు' అంటే ఆయన నిజమే చెప్పారు, మోటెల్‌లో అని. 'ఎవరు కడుతున్నారు' అంటే ఫ్రెండ్ అన్నారు. ప్రభుత్వమో సేవా సంస్థో కడితే ఆ మోటెల్ షెల్టర్ కింద లెక్క, ఇల్లు లేనట్టే. సొంతంగా కట్టుకున్నా, స్నేహితుడు కట్టినా రూల్ ప్రకారం తలమీద కప్పు ఉన్నట్టు. ఆయన ఫైలు వెనక్కి వెళ్లిపోయింది. మళ్లీ కారులోకి వచ్చాకే అది కదిలింది. అలా వృథాగా పోయిన నెలన్నర నాకు ఇప్పటికీ గుర్తుకొస్తూ ఉంటుంది. చలికి ప్రాణం మీదకి వస్తుందంటే తప్పకుండా మోటెల్‌లో పెట్టండి, ప్రాణం కంటే ఫైలు ఎక్కువ కాదు. కానీ ముందు ఆ ఫోన్ చేసి, పేరు ఎక్కించి, 'ఈ రెండు రాత్రులు ఇలా చేస్తున్నాం' అని వాళ్లకి చెప్పి చేయండి. వాళ్ల దగ్గరే ఒక షెల్టర్ మంచం ఉండొచ్చు.

మీ చేతిలో ఉన్న ఇంకో పెద్ద సాయం ఒక ఉత్తరం. స్టోరు లెటర్‌హెడ్ మీద, ఫలానా తేదీ నుంచి ఈయన మా పార్కింగ్‌లో కారులో పడుకోవడం నేను చూస్తున్నాను అని నాలుగు లైన్లు రాసి, సంతకం పెట్టి, ఆయన చేతికివ్వండి. ఎన్నాళ్లుగా బయట ఉన్నారో రుజువు చేయడానికి మేం తలలు పట్టుకునే చోట అది బాగా పనికొస్తుంది.

కాగితాల్లో ముఖ్యమైనది డీడీ-214. మిలిటరీ నుంచి బయటికి వచ్చేటప్పుడు ఇచ్చే కాగితం. చాలామంది దాన్ని జిప్‌లాక్ కవర్లో పెట్టి కారు గ్లవ్ బాక్స్‌లో దాచుకుంటారు. లేకపోయినా టెన్షన్ పడొద్దు. మాలాంటి సంస్థలు వీఏ సిస్టమ్‌లో పేరు, పుట్టిన తేదీ, సోషల్ నంబరు కొట్టి ఆయన అర్హత తెలుసుకోగలవు. కాగితం కావాలంటే సెయింట్ లూయిస్‌లోని రికార్డుల కేంద్రానికి రాస్తే పంపిస్తారు. అక్కడ 1973లో పెద్ద అగ్నిప్రమాదం జరిగి కోటీ అరవై లక్షలకి పైగా ఫైళ్లు కాలిపోయాయి. కానీ ఆర్మీలో కాలినవి ఎక్కువగా 1960కి ముందు బయటికొచ్చిన వాళ్లవి. వియత్నాం కాలంవాళ్ల ఫైళ్లు సాధారణంగా దొరుకుతాయి. ఆయన సోషల్ నంబరు మాత్రం మీ దగ్గర రాసి పెట్టుకోకండి, ఫోన్లో ఆయనే చెప్పుకోవాలి.

'నన్ను మంచిగా పంపలేదు, నాకేమీ రాదు' అని ఆయన అంటే నమ్మేయకండి. సగౌరవంగా పంపడం ఒకటి, శిక్ష కింద పంపడం ఒకటి, వాటి మధ్యలో ఇంకా మెట్లున్నాయి. అన్నిటికంటే కింది మెట్టు, డిజానరబుల్, అయితేనే ఈ ఇళ్ల పథకాలు దాదాపు మూసుకుపోతాయి. దానికి పైన ఉన్న 'అదర్ దాన్ ఆనరబుల్' వాళ్లకి ఇల్లు ఇప్పించే దారులు ఇప్పుడున్నాయి. ఈ సంగతి తెలియక ముప్పై ఏళ్లు అడక్కుండా ఉండిపోయినవాళ్లని చూశాను.

పథకాల విషయానికొస్తే మీరు రెండు పేర్లు గుర్తుంచుకుంటే చాలు. ఒకటి ఎస్‌ఎస్‌వీఎఫ్. మాలాంటి సేవా సంస్థల ద్వారా వచ్చే డబ్బు. ఇంటి డిపాజిట్, కొన్ని నెలల అద్దె, కరెంటు బాకీలు, సామాను తరలింపు దీంతో కడతారు. మిలిటరీలో ఎన్నేళ్లు చేశారని దీనికి లెక్కలేదు. ఇల్లు పోయేలా ఉన్నవాళ్లకి, పోకముందే సాయం చేసేదీ ఇదే. రెండోది హడ్-వాష్. అద్దెకి వోచరు, దాంతోపాటు వీఏ కేస్ మేనేజర్ కూడా వస్తారు. ఆయన తన ఆదాయంలో దాదాపు 30 శాతం కడితే, మిగతాది హౌసింగ్ అథారిటీ, అంటే అద్దె సాయం చూసే స్థానిక ప్రభుత్వ సంస్థ, నేరుగా ఇంటి ఓనరుకి పంపుతుంది. ఆరోగ్యం బాగాలేనివాళ్లకి, ఎక్కువకాలం బయట ఉన్నవాళ్లకి మొదట ఇస్తారు. మీ పెద్దాయన వయసు బట్టి నాకు దీనిమీదే ఆశ. వోచరు వచ్చేదాకా ఉండటానికి, రెండేళ్ల దాకా ఉండనిచ్చే తాత్కాలిక వసతి గృహాలూ ఉన్నాయి. తాగుడు మానితేనే ఇల్లు అనే షరతు హడ్-వాష్‌లో లేదు. ముందు ఇల్లు, వైద్యం ఆ తర్వాత. తాళం వేసుకునే తలుపు లేని మనిషి మందులు వేళకి ఎలా వేసుకుంటాడండీ? షుగర్ ఉన్నవాళ్ల ఇన్సులిన్ కారు ఎండలో పాడైపోవడం ఇక్కడ ప్రతి వేసవీ చూస్తాను.

షుగర్ అన్నాను కాబట్టి, మన సంఘంలో అందరికీ తెలియాల్సిన ఒక సంగతి చెప్తాను. వియత్నాం నేలమీద అడుగుపెట్టిన మనిషికి ఇప్పుడు టైప్ 2 షుగర్ ఉంటే, అది అప్పట్లో అడవుల మీద చల్లిన ఏజెంట్ ఆరెంజ్ మందు వల్లే వచ్చిందని వీఏ ముందే ఒప్పేసుకుంటుంది. ఆయన రుజువు చేసుకోనక్కర్లేదు. కొన్ని గుండె జబ్బులు, పార్కిన్‌సన్స్ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. 2022లో వచ్చిన పాక్ట్ చట్టం బీపీని కూడా చేర్చింది. తీరానికి దగ్గర్లో ఓడల మీద పనిచేసినవాళ్లకీ 2020 నుంచి ఇది వర్తిస్తోంది. అప్లై చేసుకుంటే నెలనెలా పరిహారం వస్తుంది. ఇక అసలు వియత్నాం వెళ్లకుండా ఆ రోజుల్లో టెక్సాస్‌లోనే ఏదో బేస్‌లో పనిచేసినా, కనీసం 90 రోజులు సర్వీసు ఉండి అందులో ఒక్కరోజైనా యుద్ధకాలంలో పడితే, 65 దాటి, ఆదాయం తక్కువగా ఉన్నవాళ్లకి వీఏ పెన్షన్ వేరే ఉంది. ఇరవై ఏళ్ల సర్వీసు పెన్షన్‌కీ దీనికీ సంబంధం లేదు. పెద్దాయన్ని బీపీ, షుగర్ ఉన్నాయా అని మెల్లగా కనుక్కోండి. ఉంటే కౌంటీ వెటరన్ సర్వీస్ ఆఫీసుకో, అమెరికన్ లీజియన్, డీఏవీ లాంటి మాజీ సైనికుల సంఘాలకో తీసుకెళ్లండి. వీళ్లు అప్లికేషన్ ఉచితంగా నింపి పెడతారు. మొదటిసారి క్లెయిమ్ వేయడానికి ఫీజు తీసుకోవడం రూల్స్‌కే విరుద్ధం. వచ్చే డబ్బులో వాటా అడిగేవాళ్లు చాలామంది తయారయ్యారు, వాళ్ల కాగితం మీద ఆయన్ని సంతకం పెట్టనీయకండి.

ఇప్పుడు మీ ఇల్లు. మీరు అడిగినందుకే నా కడుపు నిండింది, ఎందుకంటే వోచర్లు చేతిలో ఉండి కూడా ఇల్లు ఇచ్చే ఓనరు దొరక్క మా వాళ్లు తిరుగుతూ ఉంటారు. ఇల్లు వెతుక్కోవడానికి వోచరు మీద 120 రోజులు ఇస్తారు. ఆ గడువు కరిగిపోతుంటే మాకూ నిద్రపట్టదు. కానీ మీ నాలుగు బెడ్‌రూముల ఇల్లు ఈయనకి కుదరదు. ఒక్కమనిషికి వోచరు ఒక బెడ్‌రూమ్ లెక్కన వస్తుంది, మీ ఇంటి అద్దె దానికి అందదు. పైగా ఆ కాలనీలో బస్సు ఉండదు, వీఏ ఆసుపత్రికి నలభై నిమిషాల డ్రైవ్. ఆయన డ్రైవింగ్ ఇంకెన్నాళ్లు చేయగలరు? ఊరికే తాళాలిచ్చి ఉండమనడం కూడా వద్దు. లీజు లేకుండా ఉంటే పథకాల దృష్టిలో ఆయన సర్దుకున్నట్టే. రేపు మీరు ఇల్లు అమ్మితే ఆయన మళ్లీ మొదటికి వస్తారు.

కానీ ఆ ఇల్లు పిల్లలున్న మాజీ సైనికుల కుటుంబానికి బంగారంలా సరిపోతుంది. అలాంటి కుటుంబాలు మా లిస్టులో ఉంటూనే ఉంటాయి. హౌసింగ్ అథారిటీ ఒక ఫారం ప్యాకెట్ ఇస్తుంది, నింపి ఇస్తే ఇన్‌స్పెక్షన్‌కి వస్తారు. వాళ్లు రాకముందే మీరే ఇల్లంతా ఒకసారి తిరగండి. ప్రతి బెడ్‌రూములో స్మోక్ అలారం మోగుతోందా, స్టవ్ మీద నాలుగు బర్నర్లూ వెలుగుతున్నాయా, సింకు దగ్గర ప్లగ్ షాక్ కొట్టకుండా ఆగే రకమేనా, కిటికీలకి గడియలు పడుతున్నాయా. మన తెలుగతనిదే ఒక ఇల్లు, ఒక గదిలో అలారం లేదని ఫెయిలైంది. అలారం పెట్టడానికి పది నిమిషాలు. మళ్లీ ఇన్‌స్పెక్టర్ రావడానికి దాదాపు రెండు వారాలు. ఆ రెండు వారాలూ తల్లీ ఇద్దరు పిల్లలూ షెల్టర్‌లో ఉన్నారు. పాసైతే కనీసం ఏడాది లీజు, అథారిటీ వాటా మీ ఖాతాలో పడిపోతుంది. అద్దె వస్తుందో రాదో అన్న భయం మామూలు టెనెంట్ కంటే తక్కువ. ఏదైనా తేడా వస్తే ఫోన్ చేయడానికి ఒక కేస్ మేనేజర్ కూడా ఉంటారు.

దుప్పట్లు పంచమనండి, ఇప్పుడు కావాలి. అయితే మీ సంఘం వాళ్లకి నా విన్నపం ఒకటి. ఈ అపార్ట్‌మెంట్లు ఖాళీ గోడలతో వస్తాయి. తాళం చేతికొచ్చిన రోజు మనిషి లోపలికెళ్లి నేలమీద కూర్చుంటాడు. మంచం, పరుపు, ఒక గిన్నె, ఒక పెనం, రెండు కంచాలు, టిన్నులు తెరిచే ఓపెనర్, బాత్రూమ్ కర్టెన్, చెత్తబుట్ట, టాయిలెట్ పేపర్, ఒక బల్బు, గోడ గడియారం. ఒక ఇంటికి ఇవి సర్దిపెట్టడం మీ సంఘానికి ఒక శనివారం పని. ఆ తర్వాత నెలకోసారి ఎవరైనా వెళ్లి కాసేపు కూర్చుని వస్తే ఇంకా మంచిది. కారులో ఉన్నప్పుడు పొద్దున్నే మీ స్టోరులో నలుగురు మొహాలు కనిపించేవి. ఇంట్లోకి వెళ్లాక మొదటి నెల ఆ నలుగురూ ఉండరు. ఇల్లు వదిలేసి మళ్లీ బయటికి వచ్చేవాళ్లు ఎక్కువగా ఆ నెలలోనే వస్తారని నా అనుభవం.

రేపు ఆయన కాఫీకి వచ్చినప్పుడు అడిగి చూడండి. వెనక గదిలో కుర్చీ, ఛార్జర్ సిద్ధం చేసుకోండి. లైన్లో కాసేపు వెయిట్ చేయాల్సి రావచ్చు, కౌంటర్‌కి ఎవరినైనా పెట్టుకుని మీరు ఆయన పక్కనే ఉండండి. వాళ్లు ఏమన్నారో నాకు చెప్పండి, తర్వాత ఏం చేయాలో చూద్దాం.